ప్లేయర్‌లోంచి తీసిన మైక్రోడ్రైవ్ కంప్యూటర్‌లో పనిచేస్తూ కెమెరాలో ఎందుకు మొరాయిస్తోంది?

పాత మ్యూజిక్ ప్లేయర్ విప్పి తీసిన 4 జీబీ మైక్రోడ్రైవ్ (మెమరీ కార్డు ఆకారంలో ఉండే బుల్లి హార్డ్ డిస్క్) కార్డ్ రీడర్‌లో చక్కగా తెరుచుకుంటోందని, కెమెరాలో పెడితే మాత్రం కార్డు లోపం చూపిస్తోందని రాశారు. డ్రైవ్ పాడైందా అన్నది మీ సందేహం. పాడవలేదు. నేను విప్పి తీసినదీ ఇలాగే చేసింది: రీడర్‌లో ఫైళ్లన్నీ కనిపించాయి, కెమెరా దాన్ని గుర్తించనే లేదు.

కారణం డ్రైవ్ ఫర్మ్‌వేర్‌లో, అంటే డ్రైవ్‌ను నడిపేందుకు దాని లోపలే ఉండే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. మైక్రోడ్రైవ్‌ను పెట్టేది కాంపాక్ట్ ఫ్లాష్ అనే రకం మెమరీ కార్డుల స్లాట్‌లో. ఆ స్లాట్‌లో 50 పిన్నులుంటాయి. వాటి మీదుగా మెమరీ, ఐ/ఓ, ట్రూ ఐడీఈ అని మూడు పద్ధతుల్లో సమాచారం నడవవచ్చు. కరెంటు అందే క్షణానికి 9వ పిన్ను గ్రౌండ్‌కు కలిసి ఉంటే డ్రైవ్ ట్రూ ఐడీఈలోకి వెళ్తుంది, అంటే మామూలు హార్డ్ డిస్క్‌లా ప్రవర్తిస్తుంది. ప్లేయర్లకు అది చాలు. చాలా రీడర్లు కూడా ఆ పద్ధతినే వాడతాయి. ఆ కాలపు కెమెరాల్లో చాలావాటికి మాత్రం మొదటి రెండింటిలో ఒకటి కావాలి. ప్లేయర్ల కోసం తయారైన కొన్ని డ్రైవ్‌లలో ఆ రెండింటినీ పనిచేయకుండా చేశారు. కాబట్టి రీడర్‌లో తెరుచుకుందంటే డ్రైవ్ బాగుందని మాత్రమే అర్థం, కెమెరాకు పనికొస్తుందని కాదు.

ఎందుకలా చేశారో ఊహించడం కష్టం కాదు. 2004లో క్రియేటివ్ సంస్థ అమ్మిన మువో² ప్లేయర్‌లో హిటాచీ 4 జీబీ మైక్రోడ్రైవ్ ఉండేది. విడిగా డ్రైవ్ కొనడం కన్నా ప్లేయర్ కొనడమే చవక కావడంతో, ఫొటోలు తీసేవాళ్లు కొత్త ప్లేయర్లను కొనీకొనగానే విప్పేశారు. మొదట్లో వచ్చినవి కెమెరాల్లో పనిచేశాయి, తర్వాత వచ్చినవి పనిచేయలేదు. ఐపాడ్ మినీలోంచి తీసిన డ్రైవ్‌లతోనూ జనానికి ఇదే తలనొప్పి. ఈ తాళం తీసే సాఫ్ట్‌వేర్ ఏదో ఉందని ఆశపడకండి. నమ్మి వాడదగ్గది నాకైతే ఒక్కటీ దొరకలేదు.

నిర్ధారించుకోవాలంటే పీసీ కార్డ్ స్లాట్ (అదనపు కార్డులు పెట్టుకునే పక్క స్లాట్) ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి సంపాదించండి. కాంపాక్ట్ ఫ్లాష్‌ను ఆ స్లాట్‌కు కలిపే సాదా అడాప్టర్‌లో తీగలు తప్ప ఏమీ ఉండవు, అది ట్రూ ఐడీఈ వాడదు. అందులో డ్రైవ్ కనిపిస్తే కెమెరాలో కూడా పనిచేసే అవకాశం ఉంది. కనిపించకపోతే ఇక కెమెరా సంగతి వదిలేయండి.

కనిపించినా కెమెరా తిరస్కరిస్తుంటే ఫార్మాట్ చూడండి. ప్లేయర్ చేసిన పార్టిషన్లన్నీ (డిస్క్‌లోని విభాగాలు) తీసేసి ఫ్యాట్32 అనే ఫైల్ పద్ధతిలో ఫార్మాట్ చేయండి. మరీ పాత కెమెరాలకు ఫ్యాట్16 తప్ప తెలియదు, అది 2 జీబీ దగ్గరే ఆగిపోతుంది. స్లాట్ మందం కూడా చూసుకోండి: మైక్రోడ్రైవ్‌కు 5 మిల్లీమీటర్ల టైప్ 2 స్లాట్ కావాలి, 3.3 మిల్లీమీటర్ల టైప్ 1లో పట్టదు. బలవంతంగా నెడితే స్లాట్‌లోని పిన్నులు వంగుతాయి, అప్పుడు కెమెరాకూ రిపేరే.

ఇంకో ఇబ్బంది కరెంటు. సన్నని కూత పైకి లేచి, టిక్కుమని ఆగి, మళ్లీ మొదలవుతుంటే డ్రైవ్ చచ్చిపోయిందని తేల్చేయకండి. లోపల సమాచారం దాచే పళ్లెం తిరగడం మొదలయ్యేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది. సొంత అడాప్టర్ లేని యూఎస్‌బీ హబ్ అంత ఇవ్వలేకపోవచ్చు. నా డ్రైవ్ హబ్‌లో ఇలాగే మూలిగింది, రీడర్‌ను నేరుగా కంప్యూటర్‌కు తగిలించాక నోరు మూసుకుంది. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోండి. పైనున్న పలుచని లోహపు మూతను వేలితో నొక్కితే లోపల పళ్లేనికి దెబ్బ తగలవచ్చు.

ట్రూ ఐడీఈ మాత్రమే ఉన్న డ్రైవ్ పాత ల్యాప్‌టాప్‌లో బాగా ఉపయోగపడుతుంది. కాంపాక్ట్ ఫ్లాష్‌ను 44 పిన్నుల ఐడీఈకి (పాత ల్యాప్‌టాప్‌లలో హార్డ్ డిస్క్ తగిలించే కనెక్టర్) మార్చే చిన్న అడాప్టర్‌లో పెడితే చాలు, కరెంటు కూడా ఆ పిన్నుల్లోంచే వస్తుంది. కొన్ని అడాప్టర్లలో 3.3, 5 వోల్టుల్లో ఒకటి ఎంచుకోవడానికి జంపర్ అనే చిన్న క్లిప్పు ఉంటుంది, డ్రైవ్ లేబుల్ చూసి పెట్టండి. వేగం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, నిమిషానికి 3600 చుట్లు తిరిగే అంగుళం పళ్లెం అది.

మీ ప్లేయర్ ఐపాడ్ మినీయే అయి, దాన్ని ఇంకా పారేయకపోతే నేనైతే తిరగేసి చేస్తాను: డ్రైవ్ ఉన్న చోట మామూలు కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెట్టి, ఐట్యూన్స్‌లో రీస్టోర్ చేస్తాను. కార్డులకు మూడు పద్ధతులూ వస్తాయి కాబట్టి అటువైపు పేచీ ఉండదు.