ర్యాండమ్ కోడ్ ఎర్రర్‌తో మూడు రాత్రులా, తమ్ముడూ?

ఎనిమిది అక్షరాల ర్యాండమ్ కోడ్ తయారు చెయ్యమంటే పైథాన్ (ప్రోగ్రామ్‌లు రాసే భాష) టైప్‌ఎర్రర్ (ఒక రకం విలువ కావలసినచోట ఇంకో రకం ఇస్తే వచ్చే ఎర్రర్) ఇస్తోందని, మూడు రాత్రులుగా నిద్ర లేదని రాశావు. ఎర్రర్ చిన్నదే. ఈ మూడు రోజుల్లో ఎవరినీ అడగలేదన్నావు చూడు, నాకు టెన్షన్ అక్కడే.

ఎమ్మెస్ అయ్యాక 2017లో డాలస్‌లో మొదటి ఉద్యోగం నాది. కూపన్ కోడ్‌లు తయారుచేసే పని అప్పజెప్పారు. అక్షరాలన్నీ ఒక స్ట్రింగ్‌లో (అక్షరాల వరుసలో) పెట్టి, వరుస కలిపేసే షఫుల్ (random.shuffle) అనే ఫంక్షన్‌కి ఇచ్చాను. వెంటనే ఎర్రర్. పైథాన్‌లో స్ట్రింగ్ ఒకసారి తయారయ్యాక మారదు, షఫుల్ ఏమో ఉన్నచోటే అటూ ఇటూ మార్చాలని చూస్తుంది. సరేనని మార్చడానికి వీలున్న లిస్ట్ చేసి, షఫుల్ ఇచ్చినదాన్ని ఇంకో వేరియబుల్‌లో (పేరు పెట్టి దాచుకునే చోట) పెట్టుకుని, ముక్కల్ని ఒకే స్ట్రింగ్‌గా అతికే జాయిన్‌కి ఇచ్చాను. మళ్ళీ ఎర్రర్. ప్రింట్ చేస్తే 'నన్' (None, అంటే ఏమీ లేదని) అని ఒక్క ముక్క! షఫుల్ ఆ లిస్ట్‌నే కలిపేస్తుంది, మన చేతికి ఏమీ ఇవ్వదు. ఈ ఒక్క సంగతికి రెండు రాత్రులు పోయాయి. గదిలో హీటర్ చప్పుడు, బల్ల మీద చల్లారిన మ్యాగీ. అమ్మ ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానమ్మా" అని పెట్టేసేవాణ్ణి. మూడో రోజు పక్క సీటు తమిళాయన కాఫీకి పిలవడానికి వచ్చి, నా స్క్రీన్ చూసి, పది నిమిషాల్లో తేల్చేశాడు.

నీ ప్రోగ్రామ్‌లో అక్షరాలతో పాటు అంకెలు కూడా కలిపావు. జాయిన్‌కి అన్నీ స్ట్రింగ్‌లే కావాలి. ఉత్త 7 ఇస్తే ఒప్పుకోదు, ముందు స్ట్రింగ్‌గా మార్చు. అనుమానం వచ్చిన ప్రతిచోటా టైప్ (ఆ విలువ స్ట్రింగా, నంబరా అన్నది) ప్రింట్ చేసి చూడు. అసలు నీకు షఫుల్ అక్కర్లేదు. పైథాన్ 3.6 వెర్షన్ నుంచి చాయిసెస్ (random.choices) ఉంది, ఇచ్చినవాటిలోంచి ర్యాండమ్‌గా ఎన్ని కావాలంటే అన్ని ఏరుతుంది. దానికి స్ట్రింగ్ నేరుగా ఇచ్చి, కే (k, ఎన్ని కావాలో చెప్పేది) విలువ 8 పెడితే ఎనిమిది అక్షరాల లిస్ట్ వస్తుంది, జాయిన్ చేసుకో. పాస్‌వర్డ్‌లకైతే మాత్రం వాటి కోసమే ఉన్న సీక్రెట్స్ (secrets) మాడ్యూలే వాడాలి.



ఇప్పుడు నా టీమ్‌లో ఆరుగురున్నారు. అరగంట దాటి ఏ ఎర్రర్‌తోనూ ఒంటరిగా కూర్చోవద్దని చేరిన రోజే చెప్తాను. మీ వయసు పిల్లలు స్క్రీన్‌ని వందసార్లు అడుగుతారు, పక్కనున్న మనిషిని ఒక్కసారి అడగరు. నీ రూమ్మేట్ పేరైనా తెలుసా నీకు? నువ్వుండేది రిచర్డ్‌సన్‌లో అన్నావు, మేముండేది ఆ పక్క ఊరే, ప్లేనోలో. శనివారం ల్యాప్‌టాప్ పట్టుకుని భోజనానికి రా. మీ వదిన గుత్తివంకాయ చేస్తానంది. రూమ్మేట్‌నీ తీసుకురా.