శుక్రవారం మిల్లుకు సెలవా?

అమ్మగారిని అడగండి

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. మాది మిర్యాలగూడ. మావారికి వాటాదారులతో కలిసి రైస్ మిల్లు ఉంది. నేను తెల్లవారుజామున లేచి ప్రార్థన చేసుకుంటాను, ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటాను. అయినా కొంతకాలంగా ప్రార్థన ఎండిపోయినట్టు ఉంటోంది. పేదలకు సేవ చేస్తే దేవునికి దగ్గరవుతామని ఒక ప్రసంగంలో విన్నాను. ఏటా క్రిస్మస్‌కు విధవరాళ్లకు చీరలు పంచుతూనే ఉన్నాం. ఇప్పుడు అనాథాశ్రమం పెట్టాలని నా కోరిక. మావారు ఒప్పుకోవడం లేదు. సీజన్‌లో హమాలీల గొడవతోనే ఆయనకు తీరదు, ప్రార్థనకు కూడా కూర్చోరు. పైగా రక్షణ క్రియల వలన కాదు కదా, మరి ఈ సేవ వల్ల దేవునికి దగ్గరవడం ఏమిటి?

జవాబు: చెల్లెమ్మా, ఇక్కడ అచ్చు వేసింది మీ ఉత్తరంలో కొంత భాగమే. అసలు ఉత్తరం నాలుగు పేజీలు. అనాథాశ్రమానికి రెండు పేజీలు, చీరలకు ఒక పేజీ ఇచ్చారు. హమాలీలకు ఒక్క మాట, అదీ గొడవ అన్న మాటతో కలిపి. నేను జవాబు అక్కడి నుంచే మొదలుపెడతాను.

రక్షణ గురించి మీ సందేహం ముందు తీర్చేస్తాను. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో ఎనిమిది, తొమ్మిది వచనాలు మన సండేస్కూలు పిల్లలందరికీ కంఠతా వచ్చు. కృప చేతనే రక్షణ, క్రియల వలన కాదు. నిజమే. పదో వచనం మాత్రం ఎవరూ అప్పజెప్పించరు. సత్క్రియలు చేయడానికే క్రీస్తులో మనల్ని సృష్టించాడని అందులో ఉంది. పేదవాడికి పెట్టి దేవుణ్ణి కొనుక్కోలేం. రక్షణ దొరికింది కదా అని పేదవాడిని దాటిపోనూ లేం. ఈ విషయం మీద ఇంతకంటే వాదన అక్కర్లేదు.

ఇక ఎండిపోయిన ప్రార్థన. మీరు అడిగినదే యెషయా ప్రవక్త కాలపు జనం కూడా అడిగారు. మేము ఉపవాసం ఉంటే నీవెందుకు చూడవు అని దేవుణ్ణే నిలదీశారు. యాభై ఎనిమిదో అధ్యాయం తెరిచి చూడండి. వాళ్ల ప్రార్థనలో మాటలు సరిగా లేవనో, కన్నీళ్లు చాలలేదనో ఆయన అనలేదు. ఉపవాసం ఉన్న రోజునే మీ పనివాళ్లతో కఠినమైన పని చేయించుకుంటున్నారు అన్నాడు. ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టు, నలిగినవాడిని విడిపించు, అప్పుడు నీవు పిలిస్తే నేను ఉత్తరమిస్తాను అన్నాడు. మీరు శుక్రవారం ఉపవాసం ఉంటారు సరే, శుక్రవారం మిల్లుకు సెలవా? ఆ రోజు మధ్యాహ్నం బస్తాలు మోసేవాళ్లు ఎక్కడ కూర్చుని తింటారో మీకు తెలుసా?

నేను ఉద్యోగమంతా నర్సుగానే చేశాను. నడుము పట్టేసిన హమాలీని, గిలక (హెర్నియా) దిగిన హమాలీని, ఊక దుమ్ముకు దగ్గు పట్టి వదలని హమాలీని వార్డుల్లో చూశాను. ఇప్పుడు వాళ్లలో బీహారు నుంచి వచ్చినవాళ్లు చాలామంది. తెలుగు రాదు, జబ్బు ఎక్కడో చూపించడానికి చెయ్యి పెట్టి చూపిస్తారు. ద్వితీయోపదేశకాండం ఇరవై నాలుగో అధ్యాయం కూలివాడి గురించి చెబుతూ, వాడు నీ సహోదరుడైనా నీ దేశంలో ఉన్న పరదేశి అయినా ఒకటే అంటుంది. సూర్యుడు అస్తమించకముందే కూలి ఇచ్చేయాలి. లేకపోతే వాడు నీ మీద యెహోవాకు మొరపెడతాడు. మీ గదిలో మీరు చేసే ప్రార్థన ఒకటి, మిల్లు గోడ పక్కన అతను పెట్టే మొర ఒకటి. రెండూ ఒకే చోటికి చేరతాయి.

దేవుణ్ణి తెలుసుకోవడమంటే ఏమిటో యిర్మీయా ఇరవై రెండో అధ్యాయంలో ఉంది. రాజు యెహోయాకీము పెద్ద మేడ కట్టుకున్నాడు. దేవదారు పలకలు, వెడల్పయిన కిటికీలు, ఎర్రరంగు. పనివాళ్లకు మాత్రం కూలి ఇవ్వలేదు. ప్రవక్త అతనికి అతని తండ్రి యోషీయాను గుర్తుచేశాడు. మీ నాన్న కూడా తిన్నాడు, తాగాడు, కానీ దీనులకూ దరిద్రులకూ న్యాయం తీర్చాడు. నన్ను తెలుసుకోవడమంటే అదే కదా అని యెహోవా అడిగాడు. యోషీయా ఆశ్రమం పెట్టినట్టు లేదు, గమనించండి. తన చేతిలో ఉన్న అధికారంతో, తన దగ్గరకు వచ్చినవాళ్లకు న్యాయం చేశాడు.

మన మెదక్ చర్చి కూడా ఒక కట్టడమే. కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొరగారు ఆకలితో ఉన్న జనానికి ఆ కట్టుబడి మీద పని చూపి తిండి దొరికేలా చేశారు. 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు. పండుగకు వెళ్లి గోపురం ముందు ఫోటోలు దిగేవాళ్లు ఈ సంగతి కూడా పిల్లలకు చెబితే బాగుంటుంది.

కాబట్టి మీ ఆశ్రమం పక్కన పెట్టండి. దానికి బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి, కాపలా కావాలి, రాత్రిపూట జ్వరం వస్తే చూసే మనిషి కావాలి. పైగా నేను చూసిన ఆశ్రమాల్లో సగానికి సగం మందికి తల్లో తండ్రో ఉన్నారు. పాలమూరు నుంచి బొంబాయి, పుణె మేస్త్రీ పనులకు పోతూ పిల్లల్ని వదిలిన వాళ్లే ఎక్కువ. ఆ పిల్లలకు కావలసింది మంచం కాదు, అమ్మ ఊళ్లోనే ఉండేంత కూలి.

మీరు చేయగలిగింది చెబుతాను. మీ ఆయనను పోరు పెట్టకుండా, లెక్కల పుస్తకం ఒకసారి కలిసి చూద్దాం అనండి. బస్తాకు ఎంత ఇస్తున్నారు, ఎన్నాళ్లకు ఇస్తున్నారు, జబ్బు పడితే ఎవరు చూస్తున్నారు, అడ్వాన్సు పేరుతో ఎవరినైనా కట్టిపడేశారా. వాటాదారులు ఒప్పుకోరంటారేమో. మీ వాటా వరకైనా మాట్లాడే హక్కు మీకుంది. హమాలీలకు టీ ఏ గ్లాసులో పోస్తున్నారో కూడా చూడండి. ఇది చిన్న సంగతి అనుకోకండి, మన జిల్లాల్లో వేరు గ్లాసుల కథ నాకు బాగా తెలుసు.

చీరలు మానమని అనను. ఫ్లెక్సీ కట్టి, మైకులో పేరు పిలిచి, స్టేజి మీద ఫోటో తీయడం మాత్రం మానండి. విందు చేస్తే బీదలను పిలువు అని యేసు చెప్పాడు. పిలిచాక వాళ్లతో ఒకే బంతిలో కూర్చుని తినండి.

దగ్గరవడం గురించి ఇంకొక్క మాట. మర్రిగూడ వైపు పల్లెలో ఒక ముసలామె ఉంది. ఆ నేలలోని ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము వంగిపోయింది, మెడ తిరగదు. ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్నాయి, కానీ వంగిన ఎముక వాటితో నిటారు కాదు. నేను బియ్యం తీసుకుపోతే ఆమె వద్దంది. వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు తోడు వస్తావా అని అడిగింది. మీసేవలో స్లాటు తీసుకుని, ఆటోలో నల్లగొండ వచ్చి, వరుసలో కూర్చునేసరికి రోజంతా పోయింది. తిరుగుదారిలో ఆమె ప్రార్థన చేసింది. తన నడుము సంగతి ఎత్తలేదు. నా మోకాళ్ల నొప్పి గురించి, అమెరికాలో ఉన్న నా కొడుకు గురించి చేసింది. నేనెప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు. ఆ ప్రార్థన నాకు ఏ ఉపవాసకూటంలోనూ దొరకలేదు.

ప్రతిసారీ ఇలా జరుగుతుందని మాత్రం అనుకోకండి. మత్తయి సువార్త ఇరవై ఐదో అధ్యాయంలో, ఆకలిగొన్నవాళ్లకు పెట్టినందుకు తీర్పు రోజున ప్రభువు కుడివైపు నిలబడ్డ నీతిమంతులు కూడా, ప్రభువా నిన్ను ఎప్పుడు ఆకలితో చూశాం అనే అడిగారు. చేస్తున్నప్పుడు వాళ్లకు ఏమీ అనిపించలేదు. అందుకని రోజూ మనసు తడిసిందా లేదా అని తడిమి చూసుకోవద్దు. వచ్చే సీజన్ అయ్యాక మళ్లీ ఉత్తరం రాయండి, హమాలీల పేర్లతో సహా.

ప్రశ్న: వనపర్తి దగ్గర మా చర్చి యువకులం ఇళ్లకు బియ్యం, పప్పు పంచుతున్నాం. సంచిలో సువార్త కరపత్రం పెట్టాలని కొందరు, వద్దని కొందరు. ఏది సరి?

జవాబు: పెట్టవద్దు బాబూ. ఆకలితో ఉన్నవాడికి కరపత్రం షరతులా కనిపిస్తుంది, మీ మనసులో అది లేకపోయినా. యేసు పదిమంది కుష్ఠరోగులను బాగుచేస్తే ఒక్కడే తిరిగివచ్చాడు. మిగిలిన తొమ్మిది మంది ఎక్కడ అని ఆయన అడిగాడు గాని, స్వస్థత వెనక్కి తీసుకోలేదు. ఎవరైనా మీరెవరు, ఎందుకు ఇస్తున్నారు అని అడిగితే దాచకుండా చెప్పండి, ఎంతసేపైనా చెప్పండి. కరపత్రం పట్టే చోటులో కారం, పసుపు, నూనె ప్యాకెట్ పెట్టండి. ఒట్టి పప్పు ఉడకబెట్టుకుని ఎవరు తింటారు?