ముల్లు గాడి తప్పుతోందా?

చవక రికార్డు ప్లేయర్ల గురించి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే ప్రశ్నతో ముగుస్తున్నాయి: ‘కొత్త ముల్లు కొనాలా?’ కొన్నిటికే కొనాలి. మిగతావాటికి రసమట్టం, చిన్న కాటా, ఓ అరగంట ఓపిక ఉంటే చాలు.

ప్ర: కొత్త ప్లేయరు కొని హోం థియేటర్ వెనక ఆక్స్ రంధ్రాలకి తగిలించాను. చెవి దగ్గర పెడితే గానీ పాట వినబడడం లేదు. వాల్యూం చివరిదాకా తిప్పితే గొంతు కీచుగా, కింద ‘గుంయ్’ అని హోరు. వెనక్కి ఇచ్చెయ్యనా? (రాజమహేంద్రవరం)

జ: ఇవ్వకండి. ప్లేయరు వెనకో అడుగునో ఫోనో, లైన్ అని ఒక చిన్న స్విచ్చి ఉందేమో చూడండి. అది ఫోనో మీద ఉండిపోయినట్టుంది. లైన్ వైపు జరిపితే సమస్య తీరుతుంది. జరిపే ముందు వాల్యూం తగ్గించండి. లేకపోతే స్పీకరుతో పాటు మీరూ ఉలిక్కిపడతారు.

కారణం ఇదీ. ముల్లు వెనకున్న కార్ట్రిడ్జి నుంచి వచ్చే విద్యుత్తు 3 నుంచి 5 మిల్లీవోల్టులే. ఆక్స్‌కి దానికి ఎన్నో రెట్లు, వందల మిల్లీవోల్టులు కావాలి. పైగా రికార్డు కోసేటప్పుడు మంద్ర ధ్వనుల్ని తగ్గించి, తార ధ్వనుల్ని పెంచి కోస్తారు. తగ్గించకపోతే గాడి వెడల్పై, ఒక వైపు పట్టే పాటలు తగ్గిపోతాయి. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్న లెక్కకి 1954 నుంచి అమెరికా రికార్డు కంపెనీల సంఘం పెట్టిన ఆర్‌ఐఏఏ ప్రమాణం ఉంది. దాన్ని తిరగేసి మామూలు చేసేది ఫోనో ప్రీఆంప్. అది లేకుండా వింటే మృదంగంలో కుడివైపే మోగుతుంది, ఎడమవైపు మాయమవుతుంది. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ఆంప్లిఫయరులో ఫోనో అని రాసిన రంధ్రాలకి తగిలించి, ప్లేయరు స్విచ్చి కూడా లైన్ మీద ఉంచితే ప్రీఆంప్ రెండుసార్లు పనిచేసి, అంతా బొంగురుగా, పగిలినట్టుగా వస్తుంది. ప్రీఆంప్ ఒక్కటే ఉండాలి, ఎక్కడున్నా ఫరవాలేదు. మీ ప్లేయరులో అసలు స్విచ్చే లేకపోతే విడిగా ఫోనో ప్రీఆంప్ కొనాలి.

స్విచ్చి మార్చాక కూడా హోరు ఉంటే, పాటని ఆంప్లిఫయరుకి మోసే రెండు ఆర్‌సీఏ వైర్లతో పాటు సన్నటి మూడో తీగ వస్తోందేమో చూడండి. కొనకి ‘యు’ ఆకారపు రేకు ఉంటుంది. దాన్ని ఆంప్లిఫయరు లేదా ప్రీఆంప్ వెనకున్న గ్రౌండ్ మరకి బిగించాలి. ప్రీఆంప్ లోపలే ఉన్న చవక మోడళ్లలో చాలావాటికి ఆ తీగ ఉండదు, వెతక్కండి. తర్వాత ప్లేయర్నీ ఆంప్లిఫయర్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. వైఫై రౌటరు, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్లని మూరెడు దూరం జరపండి. టీవీ కేబుల్ పీకగానే హోరు ఆగిపోతే దొంగ ఆ కేబులే. ఫ్యాను వేగం మార్చినప్పుడల్లా ‘జుయ్’మనే మోత మారుతుంటే తప్పు ఫ్యాను రెగ్యులేటరుది, ప్లేయరుది కాదు.

ప్ర: ఏ రికార్డు పెట్టినా ముల్లు ఎగిరి దూకుతోంది. దాని నెత్తిన రూపాయి బిళ్ల పెట్టమని తెలిసినవాళ్లు చెప్పారు. పెడితే దూకడం ఆగింది. ఇలాగే ఉంచవచ్చా? (గుంటూరు)

జ: ఇప్పుడే తీసెయ్యండి. 2011లో వచ్చిన నమూనా రూపాయి బిళ్ల బరువు 3.79 గ్రాములు. రెండు గ్రాముల బరువుతో నడవాల్సిన ముల్లు మీద అది పెడితే దాదాపు ఆరు గ్రాములవుతుంది. దూకడం ఆగుతుంది గానీ, గాడి అరుగుతుంది, ముల్లుని పట్టుకున్న సన్నటి పుల్ల కుంగుతుంది.

ముందు ఒకటి తేల్చుకోండి. ఒకే రికార్డులో ఒకే చోట దూకుతుంటే అది రికార్డు తప్పు, మట్టో గీతో ఉంటుంది. కడిగి చూడండి. మీరన్నట్టు అన్నిటిలోనూ దూకుతుంటే ప్లేయరు అమరిక తప్పు. అమరికని ఈ వరసలోనే చూడాలి.

మొదట మట్టం. తాపీమేస్త్రీ వాడే చిన్న రసమట్టాన్ని రికార్డు పెట్టే పళ్లెం మీద ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా పెట్టండి. ఫోనులో మట్టం చూపే ఆప్ ఉన్నా సరే, కానీ ఫోను వెనక కెమెరా ఉబ్బు పళ్లెం అంచు బయటికి ఉండాలి. తేడా ఉంటే, మరతో తిరిగే కాళ్లున్న ప్లేయరైతే వాటిని తిప్పండి. లేకపోతే బల్ల కాలు కింద అట్టముక్క పెట్టండి. ప్లేయరు కింద పెడితే అది ఊగుతుంది.

తర్వాత బరువు. టోన్‌ఆర్మ్ (ముల్లుని మోసే కడ్డీ) వెనక తిరిగే బరువున్న రకమైతే, యాంటీస్కేట్ మీటని (ముల్లు లోపలి వైపు జారకుండా ఆపేది) సున్నాకి పెట్టండి. ముల్లు మూత తీసి, ఆర్మ్‌ని కొక్కెం నుంచి వదిలి, పైకెత్తే మీటని దించండి. ఆర్మ్ పళ్లేనికి బయటే ఉండాలి. ముల్లు దేనికీ తగలకూడదు. వెనక బరువుని తిప్పుతూ పోతే ఒకచోట ఆర్మ్ త్రాసు కాడలా సమంగా తేలుతుంది. అక్కడ ఆపి ఆర్మ్‌ని కొక్కేనికి తగిలించి, బరువు కదలకుండా పట్టుకుని, ముందున్న అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకి తేవాలి. చాలామంది తప్పేది ఇక్కడే: చక్రంతో పాటు బరువూ తిరిగిపోతుంది. ఇక బరువునీ చక్రాన్నీ కలిపి, ప్లేయరు ముందు నుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో, కార్ట్రిడ్జి కాగితంలో చెప్పిన అంకెదాకా తిప్పండి. ఉదాహరణకి ఆడియో-టెక్నికా ఏటీ-వీఎం95ఈ రకం కార్ట్రిడ్జికి అది 2.0. యాంటీస్కేట్‌ని కూడా అదే అంకెకి పెట్టండి.

అంకెల చక్రాన్ని పూర్తిగా నమ్మలేం. 0.01 గ్రాము దాకా చూపే డిజిటల్ కాటా, బంగారం తూచేలాంటిది, చవకగానే దొరుకుతుంది. తూచే ముందు దాని తట్టకి అయస్కాంతం అంటుకుంటుందేమో చూడండి. అంటుకుంటే కార్ట్రిడ్జిలోని అయస్కాంతం తట్టని లాగి, తప్పు లెక్క వస్తుంది. తూచేటప్పుడు ముల్లు రికార్డు ఉండే ఎత్తులోనే ఉండాలి.

ఇంతా చేసి, ముల్లు ఇంకా లోపలి వైపే దూకుతుంటే యాంటీస్కేట్ ఓ అర గీత పెంచండి. బయటి వైపు దూకి పాడిందే పాడుతుంటే తగ్గించండి.

మీది బరువు మార్చే వీలులేని రకం కావచ్చు. ఏటీ-ఎల్‌పీ60ఎక్స్ లాంటివాటిలో అది ఫ్యాక్టరీలోనే పెట్టేస్తారు. అలాంటప్పుడు చూడాల్సినవి వేరు: రవాణా కోసం ఆర్మ్‌కి చుట్టిన తీగ విప్పారా, ముల్లు భాగం ‘టిక్’ మనేదాకా లోపలికి వెళ్లిందా, ముందు నుంచి భూతద్దంతో చూస్తే పుల్ల ఓ పక్కకి వంగిందా. వంగితే మాత్రం కొత్త ముల్లే. కొనేటప్పుడు మోడల్ సంఖ్య చూసి కొనండి, ఎల్‌పీ60ఎక్స్‌కి ఏటీఎన్3600ఎల్ పడుతుంది.

ప్ర: మా అక్క డాలస్‌లో వాడిన పాత ప్లేయరు పంపింది. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు కూడా కొన్నాం. తిరుగుతోంది, కానీ పాటలన్నీ నీరసంగా సాగుతున్నాయి. బెల్టు మార్చినా అంతే. (విజయవాడ)

జ: ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని దించుతుంది, ఫ్రీక్వెన్సీని మార్చలేదు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. పాత ప్లేయర్లలో చాలావాటికి ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే ఏసీ మోటారు ఉంటుంది. అది ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సింది 27.8 తిరుగుతుంది. అయిదు శ్రుతిలో పాడినావిడ మూడు శ్రుతిలో పాడినట్టు వినిపిస్తుంది.

నిర్ధారించుకోడానికి పరికరాలేమీ అక్కర్లేదు. పళ్లెం అంచున చిన్న కాగితం అంటించి, రికార్డు మీద ముల్లు పెట్టి, వంద చుట్లు లెక్కపెట్టండి. 33⅓ వేగమైతే కచ్చితంగా 3 నిమిషాలు పట్టాలి. 3 నిమిషాల 36 సెకన్లు పడితే మన అనుమానం నిజమే. మోటారు ఇరుసు మీది పుల్లీని 50 హెర్ట్జ్‌ది వేసుకోవడమే సరైన మందు. కొన్ని కంపెనీలు రెండు రకాలూ చేశాయి. దొరక్కపోతే వేగం మార్చే వీలున్న, మోటారుకి 60 హెర్ట్జ్ ఇచ్చే విడి సరఫరా పెట్టె కావాలి. అంత ఖర్చు పెట్టేకన్నా చాలాసార్లు కొత్త ప్లేయరే చవక.

అడాప్టరుతో డీసీ కరెంటు తీసుకునే ప్లేయర్లకి ఈ బాధ లేదు. వాటికి ఇక్కడి అడాప్టరు, అదే వోల్టేజి, అదే ధ్రువత ఉన్నది, పెడితే చాలు. ఇంకో మాట: వేగం చూసుకునే చుక్కల అట్ట కూడా అక్కడిది ఇక్కడ పనికిరాదు. 33⅓కి 60 హెర్ట్జ్ అట్టలో 216 చుక్కలుంటాయి, మనకి 180 కావాలి. అది కూడా పాత ట్యూబులైటు కిందే సరిగ్గా కనబడుతుంది. చాలా ఎల్‌ఈడీ దీపాల కింద చుక్కలు నిలబడవు.

ప్ర: తాతగారి లక్క రికార్డులు ఓ పెట్టెడున్నాయి. కొత్త ప్లేయరులో 78 వేగం కూడా ఉంది. పెట్టి వినవచ్చా? (తెనాలి)

జ: వేగం ఉంటే చాలదు, ముల్లు మారాలి. ఎల్‌పీ (33⅓ వేగపు రికార్డు) ముల్లు మొన సుమారు 18 మైక్రాన్లు. 78 రికార్డు గాడికి 75 మైక్రాన్ల మొన, అంటే 3 మిల్ అని అమ్మేది, కావాలి. సన్న ముల్లు ఆ వెడల్పు గాడిలో అడుగుకి జారి, అక్కడి దుమ్మునీ గీతల్నీ చదువుతుంది. పాట కన్నా చిటపటలే ఎక్కువ వస్తాయి. మీ కార్ట్రిడ్జికి సరిపోయే 3 మిల్ ముల్లు విడిగా దొరుకుతుంటే అదే కొనండి. దాని కాగితంలో చెప్పిన బరువుకి మార్చి, ఎల్‌పీకి తిరిగొచ్చినప్పుడు మళ్లీ తగ్గించండి. ఆంప్లిఫయరులో మోనో మీట ఉంటే నొక్కండి, సగం గరగర పోతుంది.

ఆ రికార్డుల్ని స్పిరిట్‌తో ఎప్పుడూ తుడవకండి. లక్క కరుగుతుంది. తాతగారి చేతిగ్రామఫోను కూడా ఉంటే, దాని మీద ఎల్‌పీ పెట్టే సరదా వద్దు. ఆ ఉక్కుముల్లు మీద వంద గ్రాములకు పైగా బరువుంటుంది. ఒక్కసారికే గాడి గోవింద.

ప్ర: రికార్డు మొదట్లో బాగానే ఉంటుంది. చివరి పాటకొచ్చేసరికి స, శ, ష లన్నీ ‘ష్‌ష్’ మని చీలుతున్నాయి. (నెల్లూరు)

జ: ఎల్‌పీ అంచున గాడి ముల్లు కింద సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు పరుగెడుతుంది. చివరికొచ్చేసరికి 21. అదే పాటని సగం కన్నా తక్కువ చోటులో ఇరికించినట్టు. గుండ్రటి మొన ఆ మెలికల్లో దూరలేదు, కాబట్టి చవక ముల్లుతో కొంత చీలిక తప్పదు. మరీ ఎక్కువైతే ముందు ముల్లు శుభ్రం చెయ్యండి. మెత్తటి కుంచెతో వెనక నుంచి ముందుకే, అడ్డంగా ఎప్పుడూ వద్దు. తర్వాత బరువు చూడండి. తక్కువ బరువే రికార్డుకి మేలనుకుంటారు గానీ, తేలిపోయే ముల్లు గాడి గోడల్ని కొడుతుంది. చెప్పిన పరిధిలో పైఅంకె వైపే ఉంచండి.

కార్ట్రిడ్జి విప్పే వీలుంటే కార్ట్రిడ్జి కోణం సరిచూసే ప్రొట్రాక్టరు అట్ట ముద్రించుకోండి. ప్రింటరులో 100 శాతం అని పెట్టి, అచ్చయ్యాక స్కేలుతో కొలిచి మరీ వాడండి. ఇరుసు నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర కార్ట్రిడ్జి పక్కలు గీతలకి సమాంతరంగా రావాలి. ఇదంతా చేసినా మీకు తృప్తి లేకపోతే, అప్పుడు అండాకారపు మొన ఉన్న ముల్లు కొనడంలో అర్థముంది. గుండ్రటి మొన అయితే సుమారు 500 గంటలు, అండాకారపుదైతే 300 గంటలు వాడుకోవచ్చు.

ప్ర: రికార్డుల మీద తెల్లటి బూజు. తుడిస్తే పోతుంది, వానాకాలంలో మళ్లీ వస్తుంది. (విశాఖపట్నం)

జ: బూజు తిరిగొచ్చేది లోపలి కాగితపు సంచి నుంచి. రికార్డుని కడిగి అదే సంచిలో పెడితే చేసిందంతా వృథా. పాత సంచులు పారేసి, లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉన్నవి వాడండి.

కడగడానికి 800 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటరు, 200 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గిన్నెలు తోమే ద్రవం రెండే చుక్కలు. ఇది ఎల్‌పీలు చేసే వినైల్‌కి మాత్రమే, లక్కకి కాదు. బోరు నీళ్లు వాడితే ఉప్పు గాడిలో గట్టిపడుతుంది. శానిటైజరులో గ్లిజరిన్ ఉంటుంది, అదీ వద్దు. ఆరుబయట, ముక్కుకి గుడ్డ కట్టుకుని పొడిబూజు దులపండి. లేబుల్ తడవకుండా, మెత్తటి గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడవండి. తర్వాత వట్టి డిస్టిల్డ్ వాటరుతో రెండుసార్లు. నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. ఫ్యాను కింద పెడితే దుమ్మంతా తడి గాడిలోకే చేరుతుంది, ఎండలో పెడితే వంగిపోతుంది.

కొసరు ప్రశ్నలు

స్పీకర్లూ ప్లేయరూ ఒకే బల్ల మీదున్నాయి, సౌండ్ పెంచితే హోరెత్తుతోంది (కరీంనగర్): స్పీకరు అదురు ముల్లుకి చేరి, మళ్లీ స్పీకర్లోంచి వస్తోంది. స్పీకర్లని దించండి. కుదరకపోతే ప్లేయరు కింద కడప బండ ముక్క, దాని కింద నాలుగు రబ్బరు బిళ్లలు. అమెరికాలో చెక్క నేల ఉన్న ఇళ్లవాళ్లకి అడుగు తీసి అడుగు వేస్తే ముల్లు దూకుతుంది. వాళ్లకి గోడకి కొట్టిన అల్మరా పలకే దిక్కు.

సూట్‌కేసు ప్లేయరు కొనవచ్చా? (వరంగల్): పది రూపాయల పాత రికార్డులకైతే కొనండి. వాటిలో చాలావాటికి సెరామిక్ కార్ట్రిడ్జి, బరువైన ఆర్మ్ ఉంటాయి. పైగా స్పీకరు పెట్టెలోనే. అపురూపంగా దాచుకున్న ఎల్‌పీలని దాని మీద పెట్టకండి.

పాట ఊగుతోంది, తేలుతోంది (అనంతపురం): బెల్టు సాగింది. పళ్లెం ఎత్తి, పుల్లీని ఐసోప్రొపైల్‌తో తుడిచి, కొత్త బెల్టుని మెలిక పడకుండా వెయ్యండి. బెల్టుకి చేతి జిడ్డు అంటితే మళ్లీ జారుతుంది. వారం తర్వాత పైన చెప్పిన వంద చుట్ల లెక్క ఇంకోసారి చూడండి.