చక్కెర మానేస్తే క్యాన్సర్ చస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి రొమ్ము క్యాన్సర్, అగనంపూడిలో కీమో నడుస్తోంది. క్యాన్సర్ కణాల జన్యువులు చూసి, వాటికి ఏది అందకపోతే చస్తాయో కనిపెడుతున్నారని తమ్ముడు చదివాడు. ఆ పరీక్ష వైజాగ్‌లో చేయించొచ్చా? చుట్టాలు చక్కెర మాన్పించమంటే అమ్మ అన్నం కూడా తగ్గించేసింది. చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ముందు అమ్మకి కడుపునిండా అన్నం పెట్టండమ్మా. కీమో నడుస్తుండగా ఒళ్లు తగ్గిపోతే మందును తట్టుకోవడమే కష్టం. చక్కెర మానేసినా రక్తంలో గ్లూకోజ్ అయిపోదు, కాలేయం తయారుచేసి పంపుతూనే ఉంటుంది, గడ్డకి అందేది అందుతూనే ఉంటుంది. షుగర్ జబ్బు ఉంటే ఆ పథ్యం వేరు, అది మీ డాక్టరు చెప్పినట్టే. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్ ఎక్కువ లాక్కుంటాయన్నది నిజమే, ఒట్టో వార్బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1920ల్లోనే చూపించాడు, ఒంట్లో క్యాన్సర్ ఎక్కడుందో చూపే పెట్ స్కాన్ నడిచేది కూడా దాని మీదే. అంతమాత్రాన అమ్మని పస్తు పెట్టకూడదు.

తమ్ముడు చదివింది రోగికి చేసే పరీక్ష కాదు, ల్యాబ్‌లో పెంచే కణాల మీద చేసే ప్రయోగం. మనకి ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 20,000. కోట్ల కణాలు తీసుకుని, వైరస్ ద్వారా క్రిస్పర్‌ అనే జన్యువుల కత్తెరని లోపలికి పంపి, ఒక్కో కణంలో ఒక్కో జన్యువు పాడుచేస్తారు. ఏ కణంలో ఏది పాడైందో చెప్పే గుర్తు కూడా దాంతోపాటే లోపలికి వెళ్తుంది. రెండు మూడు వారాలు పెరగనిచ్చి, డీఎన్‌ఏ చదివే సీక్వెన్సర్‌ యంత్రంలో గుర్తులు లెక్కపెడతారు. మొదట ఉండి చివరికి మాయమైన గుర్తులే కావాల్సినవి, ఎందుకంటే ఆ జన్యువు పోతే ఆ కణం బతకలేదన్నమాట. మామూలు కణాలు బతికి క్యాన్సర్ కణాలు మాత్రమే చస్తే అక్కడ మందు వెతకొచ్చు.

నాకు బాగా ఆశ కలిగించేది ఎంటాప్ అనే జన్యువు. నూటికి పది పదిహేను క్యాన్సర్లలో ఇది ఊడిపోయి ఉంటుంది. అది లేని కణాల్లో ఎంటీఏ అనే పదార్థం పేరుకుపోయి, పీఆర్‌ఎంటీ5 అనే అవసరమైన ఎంజైమ్‌ని కొంతవరకు అడ్డుకుంటుంది. ఎన్‌ఏడీ జంక్షన్‌లో ఇప్పటికే సగం రోడ్డు మూసి ఉంటే ఒక్క లారీ అడ్డం పడినా చాలు కదా, ఇదీ అంతే, ఆ ఎంజైమ్‌ని ఇంకొంచెం అడ్డుకుంటే క్యాన్సర్ కణం ఆగిపోతుంది. 2016లో ఇలాంటి ప్రయోగాల్లోనే (వీటినే స్క్రీన్లు అంటారు) ఇది బయటపడింది. మందులు ఇప్పుడు రోగుల మీద ట్రయల్స్‌లో ఉన్నాయి.

జీవక్రియ మీద దెబ్బకొట్టే పద్ధతి పాతదే. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చేసిన అమినాప్టెరిన్ ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే మందు, దాన్నే సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లలకి ఇచ్చి 1948లో ఫలితాలు ప్రచురించాడు. అప్పుడు ఒక్కో బలహీనతే దొరికేది, ఇప్పుడు వేల జన్యువులు ఒకేసారి వెతుకుతున్నారు.

అమ్మ విషయంలో మీ డాక్టరుని అడగాల్సింది వేరు: గడ్డ కణాల మీద హార్మోన్ రిసెప్టర్లు, హెర్2 అనే ప్రోటీన్ ఎలా ఉన్నాయో చూసే పరీక్షలు అయ్యాయా, వంశపారంపర్యంగా వచ్చే జన్యు లోపం చూసే బీఆర్‌సీఏ పరీక్ష అవసరమా? మందు ఎంపికకి పనికొచ్చేవి ఇవే.

ప్రశ్న: ల్యాబ్‌లో కణాలు చచ్చాక మందు రావడానికి అన్నేళ్లెందుకు సార్?
- ఎమ్మెస్సీ విద్యార్థి, ఆంధ్రా యూనివర్సిటీ

జవాబు: కారణాలు చాలా ఉన్నాయి గానీ ఒక్కటి చెప్తాను, దీన్ని చాలామంది పట్టించుకోరు. కణాలు పెంచే ఆ గులాబీ రంగు ద్రవం మన రక్తం లాంటిది కాదు. ఎక్కువగా వాడే హై గ్లూకోజ్ డీఎంఈఎమ్‌ అనే ద్రవంలో షుగర్ 450, మన రీడింగ్ లెక్కలోనే. అన్నీ దండిగా దొరికే చోట పెరిగిన కణానికి ఒంట్లో ఏది కరువో ఎలా తెలుస్తుంది? అందుకే 2017లో మనిషి ప్లాస్మాని, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని పోలిన ద్రవం తయారుచేశారు. అందులో పెంచి చూస్తే, రక్తంలో మామూలుగా ఉండే యూరిక్ ఆమ్లమే క్యాన్సర్ కణాల మీద 5-ఫ్లోరోయురాసిల్ అనే కీమో మందు పట్టు తగ్గిస్తోందని తేలింది. పాత ద్రవంలో యూరిక్ ఆమ్లమే ఉండదు, ఇక కనబడేదెక్కడ? మీరు ఏ స్క్రీన్ పేపర్ చదివినా ముందు ఆ కణాలు ఏ ద్రవంలో పెరిగాయో చూడండి.