యురేకా ఖైదీలు ఎలా విడుదలయ్యారు?

ప్రశ్న: ఆస్ట్రేలియాలో 1854 నాటి యురేకా తిరుగుబాటులో పట్టుబడినవారిపై రాజద్రోహ నేరం మోపినా ఒక్కరికీ శిక్ష పడలేదని చదివాను. ప్రభుత్వం వేసిన విచారణ సంఘమే వారిని కాపాడిందా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: కాపాడింది సంఘం కాదు, మెల్‌బోర్న్ జ్యూరీలు. విక్టోరియా వలస ప్రాంతంలోని బల్లారాట్‌లో బంగారం దొరికినా దొరకకపోయినా తవ్వుకునేవారంతా లైసెన్సు రుసుము కట్టవలసి వచ్చేది. ఆ కాగితం దగ్గర లేనివారిని పోలీసులు పట్టుకుపోయేవారు. ఈ వేధింపు భరించలేక వారు కట్టుకున్న దడిపై డిసెంబరు 3 తెల్లవారుజామున సైనికులు, పోలీసులు విరుచుకుపడ్డారు. ఇరవై మందికి పైగా తవ్వకందారులు మరణించగా, వందమందికి పైగా పట్టుబడ్డారు.

వీరిలో 13 మందిని రాణిపై యుద్ధానికి దిగిన ద్రోహులుగా బోనెక్కించారు. మొదటి వంతు జాన్ జోసెఫ్ అనే నల్లజాతి అమెరికన్‌ది. 1855 ఫిబ్రవరిలో జ్యూరీ ఆయనను నిర్దోషి అనగానే కోర్టు హాలు చప్పట్లతో మారుమోగింది. ఆగ్రహించిన ప్రధాన న్యాయమూర్తి విలియం ఎ బెకెట్ ఇద్దరిని వారంపాటు జైలుకు పంపారు. బయట మాత్రం జనం జోసెఫ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి వీధుల్లో ఊరేగించారు. పోలీసుల దౌర్జన్యం నుంచి తమను తాము కాచుకోవడానికి కట్టిన దడిని రాణిపై యుద్ధమని నమ్మడానికి జ్యూరీలు సిద్ధపడలేదు. ఉరిశిక్ష పడే నేరాన్నే పట్టుకుని వేలాడడం ప్రభుత్వం చేసిన పెద్ద తప్పని నా అభిప్రాయం. మార్చి నెలాఖరుకు అందరూ విడుదలయ్యారు.

ఇక విచారణ సంఘాన్ని గవర్నర్ చార్లెస్ హోథమ్ నియమించింది ఆ ఘర్షణకు ముందే, నవంబరులో. విలియం వెస్ట్‌గార్త్ అధ్యక్షుడిగా ఉన్న ఆ సంఘం అందరికీ క్షమాభిక్ష పెట్టమని జనవరిలో కోరినా హోథమ్ ఒప్పుకోలేదు. మార్చి 27న అది ఇచ్చిన నివేదిక ఫలితంగానే లైసెన్సు పోయి, ఏడాదికి ఒక్క పౌనుతో దొరికే మైనర్స్ రైట్ అనే హక్కు పత్రం వచ్చింది. అదే నివేదిక చైనీయుల వలసకు అడ్డుకట్ట వేయాలనీ సూచించింది. ఆ ఏడాదే వచ్చిన చట్టం ఓడ దిగే ఒక్కొక్క చైనీయుడికి 10 పౌన్ల పన్ను విధించింది. దీన్ని మరచి ఆ సంఘాన్ని పొగడలేము.

రాజద్రోహం కేసుల వరకే మీరు చదివింది నిజం. ప్రభుత్వంపై ద్వేషం రెచ్చగొట్టే రాతలు ప్రచురించారంటూ ‘బల్లారాట్ టైమ్స్’ సంపాదకుడు హెన్రీ సీకాంప్‌కు ఆరు నెలల జైలుశిక్ష వేశారు. ఆయన లోపల ఉన్నంతకాలం భార్య క్లారా పత్రికను నడిపారు.