ఆ ఒక్క మాట మాత్రం ఆగి రాయి, చిట్టీ

చిట్టీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట నన్ను దులిపేసింది. "నీ పిచ్చి దానికీ అంటించావు. కొరియా పాటల వాళ్ల మాటలకి తెలుగులో అర్థాలు చెప్పే పేజీ పెడుతుందట. ఇంటర్ సెకండియర్‌లో ఇదేం పనే?" అంది. నేను ఊఁ కొడుతూనే లోపల్లోపల పొంగిపోయాను. హాస్టల్ గదిలో ఒక్క ల్యాప్‌టాప్ చుట్టూ ఆరుగురం మూగి సూపర్ జూనియర్ అనే కొరియా గ్రూపుని చూసే రోజుల్లో బయాస్ అంటే ఏమిటో తెలుగులో చెప్పే దిక్కు లేదు మాకు. కానీ ఆ పేజీకి నువ్వు 'సాసెంగ్' అనే మాటకి రాసుకున్న అర్థం విని, ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు.

తేలికైనవి ముందు కానిచ్చేద్దాం. గ్రూపులో నీకు అందరికన్నా ఇష్టమైన మనిషి బయాస్. ఆ కుర్చీకి ఎసరు పెట్టేవాడు బయాస్ రెకర్. అందరికన్నా చిన్నవాడు మక్నే. కమ్‌బ్యాక్ అంటే ఎక్కడికో పోయి తిరిగి రావడం కాదు, ఆరు నెలలకే కొత్త పాట వదిలినా అది కమ్‌బ్యాకే. 98 లైన్ అంటే 1998లో పుట్టినవాళ్లు. లీడ్ వోకల్ కన్నా మెయిన్ వోకల్ పెద్ద, తిరగేసి రాసేవు. ఆల్ కిల్ అంటే హత్య కాదని మీ అమ్మకి చెప్పు. కొరియా చార్టులన్నిటిలోనూ ఒకేసారి ఒకే పాట మొదటి స్థానంలో ఉండటం.

'ఒప్పా' అంటే అన్నయ్య అని ఒక్క ముక్క రాసి వదిలేయకు. ఆడపిల్ల పిలిస్తే ఒప్పా, అదే మనిషిని మగపిల్లవాడు పిలిస్తే హ్యోంగ్. అక్కకీ అంతే, ఆడపిల్లకి ఒన్నీ, మగపిల్లవాడికి నూనా. పిలిచేవాళ్లని బట్టి పిలుపు మారడం మనకేం కొత్త కాదు. మీ మావయ్య కూతురు మీ అమ్మకి మేనకోడలు, అదే మావయ్యకో తమ్ముడుంటే అతనికి కూతురయ్యేది. ఇంకోటి, కొరియాలో ప్రేమించినవాణ్ని కూడా ఒప్పా అనే పిలుస్తారు. మన 'బావా'లో ఉండే చనువు కాస్త అందులో ఉంది. ఈ మధ్య గ్రూపుల్లో అందరూ నాకన్నా పదేళ్లు చిన్న కాబట్టి నాకు ఆ భాగ్యం లేదు.

మీ అమ్మకి ఇదంతా వింత పిచ్చిలా కనిపిస్తోంది గానీ, ఫ్లెక్సీలు కట్టి, అన్నదానాలు చేసే ఊళ్లోనే పుట్టింది తనూ. కొరియా ఫ్యాన్స్ కచేరీ హాలు ముందు పూల బదులు తమవాడి పేరుతో బియ్యం బస్తాలు పేర్చి పేదలకి పంచుతారు. పుట్టినరోజొస్తే సియోల్ మెట్రో స్టేషన్లలో బోర్డులు కొంటారు. పగలూ మనలాగే పడతారు. 2008 జూన్‌లో డ్రీమ్ కాన్సర్ట్ అనే పెద్ద కచేరీలో గర్ల్స్ జనరేషన్ అమ్మాయిలు పాడుతుంటే మిగతా గ్రూపుల అభిమానులు లైట్‌స్టిక్కులు ఆర్పేసి చీకట్లో కూర్చున్నారు. దాన్నే బ్లాక్ ఓషన్ అంటారు. మా ఎల్ఫ్‌ల పేరూ, అంటే సూపర్ జూనియర్ అభిమానుల పేరూ, అందులో వినిపించింది. ఆ సంగతి తెలిసినప్పుడు, ఛీ, నేనైతే అలా చేసేదాన్ని కాదు అనుకున్నాను. ఆరేళ్లు తిరక్కుండానే నేనూ ఒక అమ్మాయి దీపం ఆర్పాను.

నీ జాబితాలో 'సాసెంగ్' ఉందని మీ అమ్మ చదివి వినిపించింది. "మితిమీరిన అభిమాని" అని రాశావట. కొట్టెయ్. కొరియన్‌లో సాసెంగ్‌హ్వాల్ అంటే ఒకరి సొంత బతుకు. అందులోకి చొరబడేవాళ్లు సాసెంగులు. టాక్సీ మాట్లాడుకుని వాళ్ల వ్యాను వెంట పడతారు, విమానం వివరాలు కొని పక్క సీట్లో కూర్చుంటారు, ఇంటి మెట్ల మీద కాపు కాస్తారు. వెంటపడి వేధిస్తే మూడేళ్ల దాకా జైలని 2021 అక్టోబరు నుంచి అక్కడ చట్టం కూడా ఉంది. అంటే ఒకర్ని సాసెంగ్ అనడం దొంగ అనడంతో సమానం.

2013లో ఇవేవీ నాకు సరిగా తెలియవు. ఆ మాట నేర్చుకుని రెండు రోజులే అయింది. మన దేశపు ఫ్యాన్స్ రెండు వేల మంది ఉన్న ఆన్‌లైన్ గ్రూపులో నేను కాస్త పెద్దదిక్కుని. నెల్లూరు నుంచి ఒక అమ్మాయి, నీ ఈడే, ఎయిర్‌పోర్టులో మాస్కు పెట్టుకుని సూట్‌కేసు లాక్కెళ్తున్న నా బయాస్ ఫొటో పెట్టింది. కింద "ఈ రోజు మనవాడు" అని రాసి మూడు గుండెలు. నేను స్క్రీన్‌షాట్ తీసి, పేరు కూడా దాచకుండా, "ఇలాంటివాళ్లనే సాసెంగ్ అంటారు, అందరూ రిపోర్ట్ కొట్టండి" అని పెట్టాను. భోంచేసి వచ్చేసరికి నూట నలభై కామెంట్లు. ఎవరో కాలేజీ పేరు పట్టుకున్నారు. ఎవరో వాళ్లన్నయ్యకి పంపారు. ఆ అమ్మాయి నాకు ఒకే మెసేజ్ పెట్టింది, "అక్కా, నేనేం చేశాను?" అని. చూశాను. నాటకాలు అనుకుని జవాబివ్వలేదు. పొద్దున్నకి అకౌంట్ లేదు.

రెండు వారాల తర్వాత ఎవరికో చూపిద్దామని ఆ స్క్రీన్‌షాట్ తెరిచి, వేళ్లతో పెద్దది చేశాను. కుడివైపు కింద, సూట్‌కేసు చక్రం పక్కన, గోరంత తెల్ల అక్షరాలు. ఫ్యాన్‌సైట్ ముద్ర. పెద్ద కెమెరాలతో ఎయిర్‌పోర్టుల్లో, కచేరీల్లో ఫొటోలు తీసి తమ సైట్లో పెట్టేవాళ్లని హోమ్మా అంటారు. పత్రికల వాళ్లూ అక్కడే నిలబడి ఎవరు ఏ కోటు వేసుకున్నారని తీస్తుంటారు. వాళ్లలోనూ హద్దు దాటేవాళ్లు లేకపోలేదు, అది వేరే సంగతి. ఈ పిల్ల చేసిందల్లా మనందరిలాగే ఒక ఫొటో సేవ్ చేసుకోవడం.

నాలుగు నెలలు వెతికాను. పేరు మార్చి మార్చి వెతికాను. దొరకలేదు. తప్పు నాదేనని గ్రూపులో రాస్తే పదకొండు లైకులొచ్చాయి.

అందుకే నా పోరు. మనుషుల మీద వేసే మాటలు రాసేటప్పుడు ఆ మాట ఎంత బరువో కూడా రాయి. గ్రూపులో ఒక్కడినే మోసి మిగతావాళ్లని తిట్టిపోసేవాళ్లని అక్గే అంటారు, ఒకరంటే ఎక్కువ ఇష్టపడ్డ ప్రతివాళ్లూ అక్గే కాదు. డెలులు అంటే లేనిపోనివి ఊహించుకుని అవే నిజమనుకునేవాళ్లు, స్నేహితుల మధ్య సరదా, ముక్కూమొహం తెలియనివాళ్లని అంటే తిట్టు. నుగు అంటే 'ఎవరు?' అని అర్థం, పేరు రాని గ్రూపుల్ని వెక్కిరించే మాట. ఈఎక్స్ఐడీ అనే అమ్మాయిల గ్రూపునీ అలాగే అన్నారు. 2014లో ఆ గ్రూపులోని హానీ మీదే కెమెరా పెట్టి ఓ అభిమాని తీసిన వీడియో, అదే ఫ్యాన్‌క్యామ్, పాకిపోయి, ఎప్పుడో దిగిపోయిన పాట మళ్లీ చార్టు పైకెక్కింది.

పేజీలో నీ ఫొటో, కాలేజీ పేరు పెట్టావంటే మాత్రం వచ్చి చెవి మెలేస్తాను.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. పరీక్షలయ్యేదాకా వారానికి ఒక్క పోస్టే అని నీ తరఫున మాటిచ్చేస్తున్నాను, గొణక్కు. సాసెంగ్ గురించి రాసింది పెట్టేముందు నాకు పంపు, అర్ధరాత్రయినా చదువుతాను. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఫోన్ చేయకు, ఇంకిగాయో, అదే కొరియా టీవీ పాటల షో, చూస్తుంటాను.

నీ పిన్ని