అరుపు సంగతి అటుంచి, మంద్రం వినండి

ప్రశ్న: హెవీ మెటల్ బ్యాండ్ జూడాస్ ప్రీస్ట్ 2024 మార్చిలో తెచ్చిన ‘ఇన్విన్సిబుల్ షీల్డ్’ ఆల్బమ్ నాకు తెగ నచ్చింది. మా తమ్ముడు మాత్రం ‘72 ఏళ్ల ముసలాయన అరుపులు, అంతా కంప్యూటర్ మాయ’ అని కొట్టిపారేస్తున్నాడు. మీరేమంటారు?

జవాబు: మీ తమ్ముడు అరుపుల దగ్గరే ఆగిపోయాడు. స్టూడియోలో గొంతు సవరించుకోవడం కుర్రాళ్లూ చేసే పనే, దాని మీద గొడవ అనవసరం. బ్యాండ్ గాయకుడు రాబ్ హాల్ఫోర్డ్ ఈసారి తారస్థాయిని దాచుకుని దాచుకుని వాడాడు. ‘ది సర్పెంట్ అండ్ ది కింగ్’లో పైకి లేస్తాడు, నిజమే. కానీ నన్ను కట్టిపడేసింది ‘క్రౌన్ ఆఫ్ హార్న్స్’. అందులో మంద్రంలో, తొందరేమీ లేకుండా, ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు పాడతాడు. 40 ఏళ్ల వయసులో ఆయన ఆ పాటని అలా పాడగలిగేవాడా అంటే నాకు అనుమానమే.

నిజం చెప్పొద్దూ, మొదటిసారి విన్నప్పుడు నాకూ చిరాకేసింది. ‘పానిక్ అటాక్’ మొదలవగానే సింథ్ మోత, అంటే ఎలక్ట్రానిక్ శబ్దం. వేరే పాటేమైనా పెట్టానా అని ఫోన్ తీసి చూసుకున్నాను. పేరు సరిగ్గానే ఉంది. ఈలోగా గిటార్ రిఫ్ (పదే పదే తిరిగొచ్చే బిట్) వచ్చి పడింది, నా ఫోన్ చేతిలోనే ఉండిపోయింది. 1986లో ‘టర్బో’ ఆల్బమ్‌లో గిటార్ సింథ్ వాడారని అభిమానులు వీళ్లని తిట్టని తిట్టు లేదు. తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. దాన్ని గుర్తుచేసే మోతతోనే ఆల్బమ్ మొదలుపెట్టారంటే, మాలాంటివాళ్లని ఆటపట్టించడానికే అని నా నమ్మకం.

ఒక్క లోపం మాత్రం ఒప్పుకుంటాను. సౌండ్ మరీ ఇస్త్రీ చేసినట్టుంది. స్కాట్ ట్రావిస్ డ్రమ్స్‌లో ప్రతి దెబ్బా ఒకే కొలతలో పడ్డట్టు వినిపిస్తుంది. కాస్త దుమ్ము ఉంటే బాగుండేది.

ప్రశ్న: బ్యాండ్ గిటారిస్టు గ్లెన్ టిప్టన్‌కి పార్కిన్సన్స్ జబ్బు అని 2018లోనే చెప్పారు కదా. మరి గిటార్లు ఎవరు మోస్తున్నారు?

జవాబు: ఎక్కువ బరువు రిచీ ఫాక్‌నర్‌దే. 2011లో పాత గిటారిస్టు కె.కె. డౌనింగ్ స్థానంలో వచ్చాడు. 2021 సెప్టెంబరులో అమెరికాలో ‘పెయిన్‌కిల్లర్’ పాట వాయిస్తుండగా ఇతని గుండె దగ్గర పెద్ద రక్తనాళం చిట్లింది. పాట పూర్తిచేసి మరీ స్టేజీ దిగాడు. సుమారు 10 గంటల ఆపరేషన్ తర్వాత బతికి బయటపడ్డాడు. అలాంటి మనిషి ఈ సోలోలు వాయించాడని తెలిశాక నేను ఆల్బమ్‌ని ఇంకోసారి మొదటినుంచీ పెట్టుకున్నాను. జాలితో కాదు, ఎక్కడైనా జంకాడేమో పట్టుకుందామని. దొరకలేదు. టిప్టన్ టూర్లకి పూర్తిగా వెళ్లలేకపోతున్నా, పాటల రచనలో అతని పేరు మాత్రం ఉంది.

ప్రశ్న: ‘పెయిన్‌కిల్లర్’ ఆల్బమ్ కంటే గొప్పదా?

జవాబు: కాదు. అది 1990 నాటిది. అప్పుడు వాళ్ల మోకాళ్లూ బాగుండేవి, నా జుట్టూ ఉండేది.

ప్రశ్న: ఈ బ్యాండ్ ఒక్క పాటా వినని స్నేహితురాలికి ఇందులోంచి ఏది పెట్టమంటారు?

జవాబు: ‘సన్స్ ఆఫ్ థండర్’ పెట్టకండి, మోటార్ సైకిల్ మీద వచ్చి మూడు నిమిషాల్లోపే వెళ్లిపోతుంది. అది మనలాంటి పాతకాపులకి. ‘జెయింట్స్ ఇన్ ద స్కై’ పెట్టండి. లోకం విడిచి వెళ్లిపోయిన రాక్ గాయకులు రోనీ జేమ్స్ డియో, లెమ్మీలని తలుచుకుంటూ చేసిన పాట అది. ముందు ఆ ఇద్దరూ ఎవరో ఆమెకి రెండు ముక్కల్లో చెప్పండి. పాట నడుస్తుండగా మాత్రం దయచేసి మాట్లాడకండి.